తల్లి మాట, కూతురి అనువాదం

ఎమీ టాన్ 1989లో ప్రచురించిన 'ది జాయ్ లక్ క్లబ్' నవలను నేను చాలా ఏళ్ళు తరగతిలో ఒకే సూత్రంతో బోధించాను. తల్లులు చైనా, కూతుళ్ళు అమెరికా. తల్లులు సంప్రదాయం, కూతుళ్ళు వ్యక్తిస్వేచ్ఛ. ఈ రెండు సంస్కృతుల సంఘర్షణే ఇతివృత్తం. విద్యార్థులు అది రాసుకునేవారు, పరీక్షలో తిరిగి రాసేవారు, మార్కులు పడేవి. ఇప్పుడు ఆ సూత్రం తప్పని నాకు తోస్తున్నది. పూర్తిగా అబద్ధమనను. కాని సగం నిజాన్ని మొత్తం నిజంగా చెలామణి చేయటం కూడా ఒక రకం అబద్ధమే.

'సంస్కృతి' అనేది విమర్శకుడికి చాలా సుఖమైన మాట. దాన్ని వాడితే ఎవరినీ తప్పు పట్టనక్కరలేదు. చైనా తల్లి కూతుర్ని పియానో నేర్చుకోమని ఎందుకు వేధిస్తుంది? అది వాళ్ళ సంస్కృతి. కూతురెందుకు ఎదురు తిరుగుతుంది? ఇది వీళ్ళ సంస్కృతి. సంస్కృతికి జీతబత్తేలూ, ఇంటద్దే, వలస చట్టమూ ఉండవు కాబోలు! ఈ మాటకు ప్రభుత్వ పోషణ కూడా దొరికింది. జేడ్ స్నో వాంగ్ తన బాల్యాన్ని గురించి 1950లో 'ఫిఫ్త్ చైనీస్ డాటర్' అనే పుస్తకం వేస్తే, అమెరికా విదేశాంగ శాఖ దాన్ని ఆసియా భాషల్లోకి అనువదింపజేసి, 1953లో రచయిత్రిని ఆసియా దేశాలకు ఉపన్యాసాలకు పంపింది. కష్టపడితే చైనా పిల్లకూ తలుపులు తెరుచుకుంటాయన్న కథ ఆ ప్రచ్ఛన్నయుద్ధపు రోజుల్లో బాగా పనికొచ్చింది.

ఆ తలుపుల సంగతి చూద్దాం. 1875 నాటి పేజ్ చట్టం వేశ్యావృత్తిని అరికట్టే పేరుతో చైనా స్త్రీల రాకను అడ్డుకుంది. 1882 చట్టం చైనా కూలీల ప్రవేశాన్నే నిషేధించింది. కూలీ భార్యకూ కూలీ హోదానే అంటగట్టారు. 1890 జనాభా లెక్కల్లో అమెరికాలోని చైనీయుల్లో ఒక స్త్రీకి సుమారు 27 మంది పురుషులు తేలారు. రైలుమార్గాలు వేసిన మగవాళ్ళు లాండ్రీల్లోనూ హోటళ్ళ వంటిళ్ళలోనూ ముసలివాళ్ళయ్యారు. వాళ్ళు పంపే డబ్బు కోసం ఎదురు చూస్తూ భార్యలు దక్షిణ చైనా పల్లెల్లో ముసలివాళ్ళయ్యారు. 1943లో (మన సంఘం తెనాలిలో పుట్టిన ఏడే) జపాను మీద యుద్ధంలో చైనా మిత్రదేశం గనుక నిషేధం ఎత్తేశారు. ఎత్తేసి, ఏడాదికి 105 మందిని రానిస్తామన్నారు! వలసదారుకు తలుపు నిజంగా తెరుచుకున్నది 1965 చట్టంతోనే. అంటే దశాబ్దాల తరబడి కూలివాడికి కుటుంబమనేదే చట్టరీత్యా దాదాపు అసాధ్యం. తల్లీ కూతుళ్ళ తగాదా గురించి మాట్లాడేవాడు, ముందు ఆ ఇద్దరూ ఒక ఇంట్లో ఉండటమే ఎంత కష్టమైందో గుర్తించాలి.

మాక్సీన్ హాంగ్ కింగ్‌స్టన్ రాసిన 'ది వుమన్ వారియర్' (1976)లో ఈ చరిత్ర తల్లి ఒంటి మీద కనిపిస్తుంది. భర్త అమెరికాలో ఉండగా బ్రేవ్ ఆర్కిడ్ చైనాలో వైద్యం చదువుకుంది, పల్లెల్లో కాన్పులు చేసింది, పేరు తెచ్చుకుంది. దాదాపు పదిహేనేళ్ళ తర్వాత భర్తను చేరుకుని, చివరకు కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్‌లో లాండ్రీలో పరాయివాళ్ళ మాసిన బట్టలు ఉతికింది, తోటల్లో టమాటాలు కోసింది. వైద్యపట్టా ఒక రేకు గొట్టంలో ఉండిపోయింది. ఆమె కోపాన్ని 'చైనా తల్లుల కాఠిన్యం' అని వర్ణించేవాళ్ళు ఆ గొట్టాన్ని చూసి కూడా లెక్కలోకి తీసుకోరు.

ఒక సన్నివేశం చెబుతాను. మందుల షాపు కుర్రాడు పొరపాటున ఎవరి మందులో లాండ్రీకి తెచ్చి ఇస్తాడు. రోగంలేని ఇంటికి మందు తెస్తే రోగాన్ని తెచ్చినట్టేనని తల్లి మండిపడుతుంది. దోషపరిహారంగా మిఠాయి ఇప్పించుకు రమ్మని కూతుర్ని పంపుతుంది. ఆ సంగతిని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి? పిల్ల సిగ్గుతో చచ్చి, నాలుగు ముక్కలు నసుగుతుంది. షాపువాడు వీళ్ళు గతిలేనివాళ్ళనుకుని మిఠాయి ఇస్తాడు. ఆ తర్వాత కూడా పండగలకు అమ్ముడుపోక మిగిలినవి ఇస్తూంటాడు. వాళ్ళకు బుద్ధి చెప్పానని తల్లికి సంతృప్తి.

ఇక్కడ రెండు ఆచారాలు ఎదురుపడ్డ మాట నిజమే. కాని నష్టం ఎవరి పాలైంది? తల్లి నోట్లో హక్కుగా పుట్టిన మాట షాపువాడి చెవిలో బిచ్చంగా పడింది. ఆ మార్పు జరిగినంతసేపూ నడుమ నిలబడ్డది కూతురు. ఆమె ఆ ఇంటికి జీతంలేని దుబాసీ. ఇంగ్లీషు రాని తల్లి తన గౌరవాన్నీ ఆగ్రహాన్నీ ఆ పిల్ల నోటితోనే వీధిలోకి పంపాలి. కూతురికి తల్లి మీద కలిగే అసహ్యంలో సగం, షాపువాడి కళ్ళతో తల్లిని చూడవలసి రావటం వల్ల కలిగినదే. ఇది తరాల అంతరం కాదు. జాతీ వర్గమూ కలిసి పిల్లల చేత చేయించే చాకిరీ.

అలాగని తల్లిని నిర్దోషిని చేయటానికి నేను సిద్ధంగా లేను. కష్టజీవి కనిపించగానే కరిగిపోయి ఆమె చేతిలోని కర్రను చూడకపోవటం మన అభ్యుదయ విమర్శకులకు పాత జబ్బు, నాకూ ఉంది. పుస్తకం మొదట్లోనే కూతురు రజస్వల అయినప్పుడు తల్లి ఒక కథ చెబుతుంది. భర్త దేశాంతరంలో ఉండగా మేనత్త గర్భవతి అయింది. ఊరివాళ్ళు ఇంటి మీద పడి ధ్వంసం చేశారు. ఆమె పసిబిడ్డతో బావిలో దూకింది. నీకూ జాగ్రత్త, ఎవరికీ చెప్పకు అంటుంది తల్లి. భూస్వామ్య నీతికి ఆడమనిషే కాపలా! ఆడపిల్లను బియ్యంలో పురుగుతో పోల్చే సామెతలు కూడా ఆ ఇంట్లో వినిపిస్తాయి. అయితే ఆ తల్లి చెప్పకపోతే మేనత్త అనే మనిషి ఒకతె ఉండేదనే కూతురికి తెలిసేది కాదు. నోరు మూసుకోమన్న తల్లే చెప్పదగిన కథ ఇచ్చింది. కూతురు ఆజ్ఞను మీరి అచ్చువేసింది.

ఫ్రాంక్ చిన్ అనే రచయిత 1991లో ఒక వ్యాసంలో ఈ రచయిత్రుల మీద విరుచుకుపడ్డాడు. వీపు మీద అక్షరాలు చెక్కించుకోవటం యూ ఫే గాథలోది, దాన్ని ములాన్‌కు అంటగట్టారు, తెల్లవాళ్ళ మెప్పు కోసం చైనాను వక్రీకరించారు అన్నాడు. గాథ విషయంలో ఆయన మాట నిజం. కాని లాండ్రీ ఆవిరిలో అరకొరగా విన్న కథలు ఒక పిల్ల తలలో కలిసిపోవటం వక్రీకరణ కాదు, వాస్తవం. కింగ్‌స్టన్ విషయంలో ఆ నింద నిలవదు.

టాన్ విషయంలో కొంత నిలుస్తుంది. ఆమె తల్లుల చైనా యుద్ధాలతో, ఉంపుడుగత్తెలతో, నల్లమందు మింగిన చావులతో కళ్ళు మిరుమిట్లు గొలుపుతుంది; ఆ వైభవంలో అమెరికాలోని కష్టం మసకబారుతుంది. చివర్లో కూతురు చైనా వెళ్ళి సవతి అక్కలను కలుసుకోగానే రక్తం అన్నిటినీ చక్కబెట్టేస్తుంది. అయినా రచయిత్రి తన పథకాన్ని మించి చూసిన చోట్లు లేకపోలేదు. లీనా అనే కూతురు భర్తతో ప్రతి ఖర్చూ సమంగా పంచుకుంటుంది. భర్త జీతమేమో ఆమె జీతానికి ఎన్నో రెట్లు! ఫ్రిజ్ మీద అంటించిన లెక్కల్లో ఐస్‌క్రీమ్ చూసి, అది తినని కూతురు దానికి డబ్బెందుకు కడుతున్నదని తల్లి గ్రహిస్తుంది. కొత్త దేశపు సమానత్వాన్ని అంత తేలిగ్గా పట్టుకున్న ఘట్టాలు అరుదు.

పియానో ఘట్టం సంగతికొస్తాను. నేనెప్పుడూ తల్లి అత్యాశ దగ్గర మొదలుపెట్టి, యుద్ధంలో పోగొట్టుకున్న కవలల మాటెత్తి కూతురు తల్లి నోరు మూయించే దగ్గర ముగించేవాణ్ణి. ఒకసారి వెనక బెంచీలో అమ్మాయి లేచి, "మాస్టారూ, ఆ పాఠాలకు ఫీజు ఎవరు కట్టారు?" అని అడిగింది. వెతికితే ఒకే ఒక్క వాక్యంలో ఉంది: తల్లి ఆ పియానో మాస్టారి ఇల్లు శుభ్రం చేసి, బదులుగా పాఠాలు చెప్పించింది. రచయిత్రి ఆగలేదు, నేనూ ఆగలేదు. ఆ అమ్మాయి ఆగింది. వాళ్ళమ్మ ఏం పని చేస్తుందో నేనడగలేదు.

ఆగటం తెలిసిన నవల ఫే మియెన్ ఇంగ్ రాసిన 'బోన్' (1993). సాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో తల్లి కుట్టుపని చేస్తుంది. రాత్రి పిల్లలు పక్క వాల్చేవేళకూ, పొద్దున లేచేవేళకూ ఆమె మిషను ముందే ఉంటుంది. తండ్రి డబ్బిచ్చి కొన్న కాగితాలతో మరొకరి కొడుకుగా ఆ దేశంలో అడుగుపెట్టినవాడు. జీవితాంతం ప్రతి కాగితాన్నీ పెట్టెలో దాచాడు. నడిమి కూతురు ఓనా మేడ మీద నుంచి దూకి చనిపోయింది. ఆమె ప్రేమించిన కుర్రాణ్ణి తల్లిదండ్రులు కాదన్నారు. కులగోత్రాల కోసం కాదు, కన్ఫ్యూషియస్ కోసమూ కాదు. ఆ కుర్రాడి తండ్రి లాండ్రీ భాగస్తుడుగా చేరి వీళ్ళు కూడబెట్టిందంతా ముంచాడు. చచ్చిపోయిన కూతురి చుట్టూ తల్లికీ మిగిలిన ఇద్దరికీ మధ్య మాటలు కరువైపోతాయి. దీన్ని నా పాత సూత్రంలో ఎక్కడ ఇరికించను?

1965 చట్టంతో తలుపు తెరుచుకున్నది మనవాళ్ళకు కూడా. మనవాళ్ళు ఎక్కువమంది డిగ్రీలతో వెళ్ళారు, దొంగ కాగితాలతో కాదు. పోలికను లాగితే తెగుతుంది. కాని హెచ్-4 వీసా మీద వెళ్ళిన భార్యలకు 2015 దాకా అక్కడ ఉద్యోగం చేసే హక్కే లేదు, ఆ తర్వాత కూడా కొందరికే. ఇంజనీరింగు పట్టా సొరుగులో పెట్టుకుని పిల్లల చదువుల మీద ప్రాణం పెట్టిన ఆ తల్లుల గురించి ఏదో ఒకనాడు వాళ్ళ కూతుళ్ళు రాస్తారు. ఇంగ్లీషులోనే రాస్తారు కాబోలు. అప్పుడు మన విమర్శకులు తెలుగు సంస్కృతి అంటారా, వీసా అంటారా?

ఈ ఏడు కూడా పరీక్షలో ఎమీ టాన్ నవల మీద ప్రశ్న వచ్చింది: "రెండు సంస్కృతుల సంఘర్షణను వివరింపుము." పది మార్కులు.