గడియ లేని గది

ఎల్‌ఫ్రీడ యెలినెక్ నవల ‘పియానో టీచర్’ (1983) ప్రస్తావన వస్తే చాలు, "అమ్మో, ఆ తల్లి రాక్షసి!" అంటారు మిత్రులు. మైకేల్ హనెకె 2001లో తీసిన సినిమా చూసినవాళ్లదీ అదే మాట. ఆ మాట దగ్గరే ఆగిపోవడం నాకు ఇష్టం లేదు.

ఎరికా కోహుట్ వియన్నాలో పియానో పాఠాలు చెబుతుంది. నలభైకి దగ్గరపడుతున్న మనిషి. అయినా ఇంటికి ఆలస్యంగా వస్తే తల్లి సంజాయిషీ అడుగుతుంది, బ్యాగు వెతుకుతుంది, కొత్త గౌను బయటపడితే రభస చేస్తుంది. ఇద్దరూ పడుకునేది ఒకే మంచం మీద. స్త్రీకి సొంత ఆదాయం, గడియ ఉన్న సొంత గది కావాలంది వర్జీనియా వుల్ఫ్ 1929లో. ఎరికాకు ఆదాయం ఉంది, గదీ ఉంది. గడియ లేదు. ఆ ఒక్కటీ లేక మిగతా రెండూ అక్కరకు రాకుండా పోయాయి.

తల్లికి చెప్పలేని కోరిక ఎరికాలో మాటగా మారదు, చాటుపనిగా మారుతుంది. కొని, తొడుక్కోకుండా దాచే గౌన్లు, బ్లేడుతో తన ఒంటిని తానే కోసుకోవడం అలాంటివే.

శిష్యుడు వాల్టర్ క్లెమర్ దగ్గరవుతున్నప్పుడు ఆమె అతనికొక పెద్ద ఉత్తరం రాస్తుంది. తనను ఎలా కట్టేయాలి, ఎలా హింసించాలి, అన్నీ ఆజ్ఞలే. ప్రేమకొద్దీ అతను అవేవీ చేయకూడదని లోలోపల ఆశ. ఆ ఆశను మాత్రం చెప్పదు. నవలలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఇదే. ఆంక్ష, శిక్ష తప్ప ప్రేమకు మరో భాష ఉంటుందని ఆమెకు ఎవరూ నేర్పలేదు. చివరికి క్లెమర్ ఆమెను కొట్టి, అత్యాచారం చేస్తాడు. ఆ నేరం అతనిదే. దాన్ని కూడా తల్లి ఖాతాలో రాసే విమర్శతో నేను ఏకీభవించను.

మరి తల్లి? నవలలో ఆమెకు పేరే లేదు. మతి చలించిన భర్తను ఆశ్రమానికి పంపాక ఆమెకు మిగిలిన ఆస్తి, ఆసరా, హోదా అన్నీ కూతురే. మాతృత్వం తప్ప మరో కొలువు ఇవ్వని పితృస్వామ్యంలో బిడ్డ ఎదిగి వెళ్లిపోతే తల్లికి ఉన్న ఒక్క కొలువూ పోతుంది. ఈ కారణం ఆమెను అర్థం చేయిస్తుందే కానీ ఎరికా పోగొట్టుకున్నదాన్ని తిరిగి తేలేదు.

"మా అమ్మాయికి ఏమీ తెలియదండీ" అని మన ఇళ్లలో మురిసిపోతూ చెప్పుకుంటాం. ఈ నవల చదివాక ఆ మురిపెం నన్ను భయపెడుతుంది. రేపు ఆ అమ్మాయి తన బాధను ఏ మాటల్లో, ఎవరికి చెప్పుకుంటుంది?

ఆఖరి పుటలో ఎరికా తన భుజంలో తానే కత్తి దింపుకుని, నెత్తురోడుతూ ఇంటివైపే నడుస్తుంది. వెళ్లడానికి ఆమెకు మరో చోటు తెలియదు.