ఎండలో ప్యానెల్, నీడలో బ్యాటరీ

ఈ వారం నాకు బాగా నచ్చిన వస్తువు ఒక ట్రాక్టర్ ట్రాలీ. నస్పూర్‌లో మా వీధి చివర ఉండే అబ్బాయి, వరసకు నాకు కొడుకు, దాన్ని మేడారం సమ్మక్క-సారలమ్మ జాతరకు వెళ్లే బండిగా మార్చాడు. కమ్మీలు వంచి గూడు కట్టాడు, తాడిపత్రి కప్పాడు, పైన యాంగ్లర్లతో చట్రం వేసి 165 వాట్ల సోలార్ ప్యానెళ్లు రెండు బిగించాడు. దూరం నుంచి చూస్తే మా చిన్నప్పటి కచ్చురం బండి నెత్తిన అద్దం పెట్టుకుని వస్తున్నట్టుంది. జాతరకు ఇంకా చాలా వ్యవధి ఉంది. ఈలోగా దగ్గర్లోని గాంధారి మైసమ్మ జాతరకో, గూడెం గుట్టకో తీసుకెళ్లి పరీక్షిస్తాడట.

మేడారంలో రాత్రి గడిపినవాళ్లకు వాడి తాపత్రయం అర్థమవుతుంది. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి అంత జనం అడవిలో దిగుతుంటే, గద్దెల చుట్టూ, పెద్ద దారుల్లో కరెంటోళ్లు తాత్కాలిక లైన్లు వేస్తారు. మన బండి ఆగేది ఎక్కడో ఊరట్టం వైపు పొలాల్లో, చెట్ల కింద. అక్కడ మనకు దక్కేది పక్క గుడారం వాళ్ల జనరేటర్ చప్పుడు, దాని పొగ. సారలమ్మ కన్నెపల్లి నుంచి వచ్చే బుధవారం మొదలు తల్లులు వనప్రవేశం చేసే శనివారం దాకా ఆ డీజిల్ వాసనలో పడుకోవడమంటే నాకు మొదటి నుంచీ కష్టమే. అందుకే ఈ ట్రాలీ చూడగానే ప్రాణం లేచొచ్చింది.

వాడికి ముందే ఒక మాట చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. ట్రాలీలో మనుషుల్ని ఎక్కించి మంథని, కాటారం రోడ్డు పట్టొద్దు. వంట సామాను, మేక, అమ్మవారి బంగారం (బెల్లం), అంతే. మనుషులు బస్సెక్కాలి. ఇది నేను ఎన్నిసార్లు రాసినా మళ్లీ రాస్తాను.

నా రెండో పాత పాట కూడా మీకు తెలిసిందే. ముందు లోడు లెక్క, తర్వాత బ్యాటరీ, ఆఖరున ప్యానెల్. మా బొగ్గు బెల్టులో అందరూ దీన్ని తిరగేసి చేస్తారు, దానికి కారణం ఉంది. సింగరేణి కంపెనీ క్వార్టర్లలో పెరిగినవాళ్లం; ఏ ఫ్యాను ఎంత లాగుతుందో లెక్కబెట్టే అవసరం మాకు రాలేదు. పక్కనే జైపూర్‌లో సింగరేణి సొంత థర్మల్ ప్లాంటు 1200 మెగావాట్లది. గోదావరి దాటితే ఎన్‌టీపీసీ. అంత కరెంటు నడుమ బతికేవాడికి వాట్-అవర్ ఏం కనిపిస్తుంది? అడవిలో దిగాక కనిపిస్తుంది. అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని లెక్క కట్టాం. తొమ్మిది వాట్ల బల్బులు నాలుగు, రాత్రికి ఐదు గంటలు: 180. డజను ఫోన్లు నింపడానికి ఇంకో 180. వాళ్లమ్మ పచ్చడికి మిక్సీ కావాలంది. 600 వాట్లదైనా తిప్పేది పది నిమిషాలు, అంటే 100. చలికాలం, ఫ్యాను అక్కర్లేదు. అంతా కలిపి 460, అర యూనిట్ కూడా కాలేదు. మన ఎండకు 165 వాట్ల ప్యానెల్ ఒక్కటి, నష్టాలన్నీ పోను, రోజుకు ఐదొందలకు అటూఇటూగా ఇస్తుంది.

ప్యానెళ్లను కప్పుకు ఆనించకుండా చట్రం మీద జానెడు ఎత్తున నిలిపినందుకు మెచ్చుకున్నాను. ప్యానెల్ 25 డిగ్రీలు దాటి వేడెక్కే ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి వందకు అర వంతుకు కాస్త తక్కువగా తగ్గుతుంది. మన వేసవిలో దాని ఒళ్లు అరవై దాటుతుంది. రామగుండం ఎన్‌టీపీసీ జలాశయం మీద 2022 జూలైకి పూర్తయిన 100 మెగావాట్ల తేలే సోలార్‌కు ఉన్న సుఖం ఇదే. కింద నీళ్లు ప్యానెల్‌ను చల్లగా ఉంచుతాయి. ట్రాలీకి ఆ నీళ్లు లేవు కాబట్టి గాలి ఆడాలి.

మొన్న పొద్దున తొమ్మిదిన్నరకు అబ్బాయి పరుగెత్తుకొచ్చాడు. "కాకా, బ్యాటరీ అప్పుడే ఫుల్ అయింది! గింత జల్ది నిండుతదనుకోలే." పాత సామాన్ల దుకాణంలో కొన్న 150 ఆంపియర్-అవర్ల (ఏహెచ్) ఇన్వర్టర్ బ్యాటరీ అది. చార్జ్ కంట్రోలర్ మీద పచ్చ లైటు నిజంగానే వెలుగుతోంది. నాకు మాత్రం మా నాన్న గుర్తొచ్చాడు.

మా నాన్న శ్రీరాంపూర్ ఏరియాలో ఒక బొగ్గుబాయి ల్యాంపు రూంలో చేసేవాడు. తట్టా చెమ్మాస్ పట్టి బొగ్గు ఎత్తినవాళ్ల గురించి, మందు పేల్చే షాట్‌ఫైరర్ల గురించి చాలామంది రాశారు, ల్యాంపు రూం గురించి రాసినవాళ్లు తక్కువ. గోడ పొడవునా ఇనుప ర్యాకులు, వరసల్లో నాలుగు వోల్టుల క్యాప్ ల్యాంపులు, ప్రతిదానికీ ఒక నంబర్. షిఫ్టు మొదట్లో మనిషి తన నంబర్ చెప్పి దీపం తీసుకుని, బ్యాటరీని నడుము బెల్టుకు తగిలించి, వైరు వీపు మీదుగా తెచ్చి టోపీకి గుచ్చుకునేవాడు. ఆ బరువుతోనే ఎనిమిది గంటల పని. షిఫ్టు దిగాక దీపాన్ని ర్యాకులో పెట్టి తల భాగాన్ని ఒక తిప్పు తిప్పితే చార్జింగ్ మొదలయ్యేది. ర్యాకులో ఒక జాగా ఖాళీగా మిగిలిందంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. ఆ జాగా నిండేదాకా నాన్న ఇంటికి రాలేదు, ఏ షిఫ్టులోనైనా.

ఆయన ప్యాంట్ల నిండా యాసిడ్ చిల్లులు. అమ్మ వేసిన మాసికలకు మళ్లీ చిల్లులు పడేవి. డిస్టిల్డ్ వాటర్ పోసే పొడుగు ముక్కు డబ్బా, యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ ఇంట్లో కూడా ఉండేవి. నేను స్కూలు నుంచి అన్నం గిన్నె పట్టుకెళ్లినప్పుడు ఆయన ర్యాకుల ముందు మెల్లగా నడుస్తూ ముళ్లు చూస్తుండేవాడు. చార్జింగ్ మొదట్లో ముల్లు పైకి ఉంటుంది, బ్యాటరీ నిండేకొద్దీ కిందికి దిగుతుంది. అందరికంటే ముందే ముల్లు దిగిన దీపాన్ని బయటికి తీసి, సుద్దముక్కతో గీత పెట్టి, పక్కన ఉంచేవాడు. నాకు వింతగా ఉండేది. ముందు నిండింది మంచిది కాదా అని అడిగాను. "అది నిండలేదురా, దానికి పడ్తలేదు" అన్నాడు. పలకల మీద సల్ఫేట్ పేరుకున్న బ్యాటరీకి లోపల జాగా తక్కువ. కాస్త కరెంటు పోయగానే వోల్టేజీ పైకెక్కుతుంది, నిండినట్టు కనిపిస్తుంది. అలాంటి దీపం పట్టుకుని దిగినవాడికి షిఫ్టు నడుమ, పని జాగాలో, వెలుగు ఎర్రబడుతుంది. అక్కడ ఎర్రబడిన వెలుగుకు అర్థం ఏమిటో మా ఇళ్లలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

అబ్బాయి బ్యాటరీ మూతలు తీసి హైడ్రోమీటర్ పెట్టాను. నాలుగు గదుల్లో 1.24 దాకా చూపించింది, రెండు గదుల్లో 1.15 దాటలేదు. పచ్చ లైటు చెప్పని సంగతి యాసిడ్ చెప్పింది. ఆ రాత్రి ఏడింటికి వేసిన బల్బులు ఎనిమిదిన్నరకే మసకబారాయి. వాడు మూడో ప్యానెల్ కొందామన్నాడు. పట్టని బ్యాటరీ మీద ఎన్ని ప్యానెళ్లు పెట్టినా ఆ పచ్చ లైటు ఇంకో అరగంట ముందు వెలుగుతుంది, అంతే.

మర్నాడు మా ఇంటి బ్యాటరీ తగిలించి చూశాం. కంట్రోలర్ పదిహేను ఆంపియర్లు చూపిస్తోంది. పదకొండు దాటాక వాళ్ల వేపచెట్టు కొమ్మ నీడ ప్యానెళ్ల అంచుల మీదికి వచ్చింది. అరచేయి మందం నీడ, అంతకంటే లేదు. అంకె నాలుగుకు పడిపోయింది. ప్యానెల్‌లో గళ్లన్నీ ఒకే దండగా గుచ్చి ఉంటాయి. ఒక్క గడి మీద నీడ పడినా ఆ దండ మొత్తం కుంటుపడుతుంది. దాంతో నేను ఇన్నాళ్లూ బలంగా పట్టుకున్న నియమం గురించి రెండు రోజులు ఆలోచించాను.

కేబుల్ వేలాడకూడదు, ఏదీ వదులుగా ఉండకూడదు, అన్నీ బోల్టు వేసి బిగించాలి: బాయి కరెంటు పని నేర్పే మొదటి పాఠం ఇదే. కప్పు మీద బిగించిన ప్యానెల్‌ను చూసి నేను అంత సంతోషపడింది అందుకే. కానీ మేడారంలో బండి ఎక్కడ ఆపుతాం? చెట్టు చూసి ఆపుతాం. పిల్లలు, ముసలివాళ్లు, వంట, అన్నీ నీడలోనే. ప్యానెల్ బండికి బిగించి ఉంటే రెండే దారులు: ప్యానెల్‌ను నీడలో పెట్టాలి, లేదా మనుషుల్ని ఎండలో పెట్టాలి. పైగా మాఘంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. కప్పు మీద పడుకోబెట్టిన ప్యానెల్ ఆ ఎండను పూర్తిగా అందుకోలేదు, దక్షిణం వైపు ఎత్తి నిలబెట్టింది అందుకుంటుంది.

ల్యాంపు రూంలో ఈ సమస్యే లేదు. ర్యాకు పైన ఉండిపోయేది, బ్యాటరీ ఒక్కటే మనిషితో చీకట్లోకి దిగేది. రెంటినీ ఒకే చోట కట్టేయాలని ఎవరికీ తోచలేదు, అవసరమూ పడలేదు. ట్రాలీకి కూడా అదే చేయమన్నాను. దారిలో ప్యానెల్ చట్రం మీదే ఉంటుంది, చేత్తో తిప్పే నట్లతో. దిగగానే ఊడదీసి పొలంలో ఎండ తగిలే చోట నిలబెట్టాలి. మేక పక్కన ఎలాగూ ఎవరో ఒకరు కూర్చుంటారు, దాన్నీ వాళ్లే చూస్తారు. పాత ఇన్వర్టర్ బ్యాటరీ ఇద్దరు పడితే గానీ కదలదు. దాని బదులు 50 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ చాలు. ఆరేడు కిలోలు, 640 వాట్-అవర్లు పడుతుంది, మన లెక్క 460. దాన్ని, కంట్రోలర్‌ను ఒకే చెక్క డబ్బాలో పెట్టి, బ్యాటరీ ప్లస్‌కు ఆనుకునే ఫ్యూజు వేయాలి. డబ్బా నీడలోనే ఉండాలి, లిథియానికి వేడి పడదు. ఇక రెండో ప్యానెల్‌ను ఇంటి దగ్గర వదిలేసినా ఏ లోటూ రాదు.

వాడు అంతా ఒప్పుకున్నాడు గానీ వైరు దగ్గర ఆగాడు. ఇంట్లో 2.5 చదరపు మిల్లీమీటర్ల చుట్ట ఒకటి ఉందట. బండికి ప్యానెల్ 15 మీటర్ల దూరంలో ఉంటే పోను రాను 30 మీటర్లు. తొమ్మిది ఆంపియర్లకు ఆ తీగలో రెండు వోల్టులు దారిలోనే పోతాయి. ఆరు చదరపు మిల్లీమీటర్లదైతే ఒక వోల్టు లోపే. ధర విని మొహం ముడుచుకున్నాడు. రెండో ప్యానెల్ అమ్మితే వైరు డబ్బు వస్తుందన్నాను.