వీడియోక్రీడలలో సహచరపాత్రల సల్లాపము

నాయకసహాయులను జెప్పుచు ధనంజయుఁడు దశరూపకమునఁ బీఠమర్దుని, విటుని, విదూషకునిఁ బేర్కొనెను. పీఠమర్దుఁడు పతాకావృత్తమునకు నాయకుఁడు. గుణములఁ బ్రధాననాయకునికంటెఁ గించిదూనుఁడు. విటుఁ డొక విద్యయందు నేర్పరి, విదూషకుఁడు హాస్యకారి. మువ్వురును నాయకసంబంధముచేతనే నిర్వచింపఁబడిరి. విటునకును విదూషకునకును దమలోఁ దమకు నేమి సంబంధమో యా లక్షణమువలనఁ దెలియదు.

ఆ సంబంధమునే ప్రధానముగాఁ బట్టుకొన్న రచనలు నేఁడు పండితుల దృష్టికి దూరముగాఁ బెరుగుచున్నవి. వీడియోక్రీడలలోఁ బాత్రధారణక్రీడ లను నొక తెగ గలదు. ఆడువాఁడు నాయకపాత్రను ధరించి, తెరమీఁదఁ జూపఁబడిన పలుకులలోఁ దనకు నచ్చినదాని నెన్నుకొనుచుఁ గథ నడపును. కథలోఁ గలిసిన సహచరులు వానివెంట నడచుచు, మార్గమధ్యమునఁ దమలోఁ దాము మాటలాడుకొందురు. దీనినే ఆంగ్లేయులు ‘బ్యాంటర్’ అందురు. సల్లాపమనిన మనకుఁ జాలును. ఇది జనాంతికమునకుఁ దలక్రిందైన రూపము. జనాంతికమున రంగముపై నున్న యితరులు వినలేదని ప్రేక్షకులు భావింపవలయును. ఇందు నాయకుఁడు వినుచునే యుండును గాని మాట యాతని నుద్దేశించినది గాదు. ఒక్కొకపు డాతఁ డెదుట నుండఁగానే యాతని ప్రణయమును గూర్చి సహచరులు మేలమాడుదురు. బయోవేర్ సంస్థవారి ‘బాల్డర్స్ గేట్’ (1998)లోఁ గొలఁదిగా నున్న యీ సల్లాపము 2000లో వెలువడిన రెండవభాగమున విస్తరిల్లినది. అందు ధర్మవ్రతుఁడగు కెల్డోర్న్, పాతాళజాతికిఁ జెందిన వికోనియా ఒక్క గుంపున నుండిరేని మాటలు ముదిరి కత్తులదాఁక వచ్చును.

ఆ సంస్థవారిదే 2009లో వెలువడిన ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’ ఇందులకు మిక్కిలి తగిన లక్ష్యము. ప్రధానరచయిత డేవిడ్ గైడర్. నాయకుఁ డొకపరి మువ్వురను మాత్రమే వెంటఁ గొనిపోఁగలఁడు, తక్కినవారు విడిదియందుందురు. ప్రతిసహచరునకును నాయకునిపైఁ గల యభిమాన మొక యంకెతోఁ గొలువఁబడును. మెచ్చిన పని చేసిన నది హెచ్చును, మెచ్చనిది చేసినఁ దగ్గును. కానుక యిచ్చినను హెచ్చును. స్నేహమును సంతబేరము చేసిన యీ పద్ధతి యీ రచనకుఁ గళంకము. నాయకునితో సహచరుఁడాడు మాటల వెనుక నా యంకె పొంచియుండును. సహచరులు తమలోఁ దాము మాటలాడుకొనునపు డది లేదు. ఆ మాటలవలన నాయకునకు లాభమును లేదు, నష్టమును లేదు; కావుననే యవి నమ్మఁదగినవి.

స్టెన్ అను యోధునిఁ జూడుఁడు. ఇతఁడు లోథరింగ్ గ్రామమునఁ బంజరమున బంధింపఁబడి నాయకునకుఁ గానవచ్చును. గాయపడిన తన్నుఁ జేరఁదీసిన రైతుకుటుంబమును, మేలుకొని ఖడ్గము కానరాక యావేశమునఁ బిల్లలతోఁ గూడఁ జంపినవాఁ డితఁడు. ఆ ఖడ్గము పేరు ‘ఆసాలా’. వాని భాషలో ఆత్మ యని యర్థము. తనకు శిక్ష తగినదే యని యొప్పుకొనును గాని, నాయకుఁ డెంత యడిగినను ముక్తసరిగానే పలుకును. లెలియానా మఠమునుండి వచ్చిన గాయని. ఈ యిరువురును వెంటనున్నచో దారిలో నామె యతని నెత్తిపొడుచును: పిల్లికూనముందు దారపుముక్క నాడించుచుండఁగాఁ దాను జూచితినని. దానికిఁ బోరాటము నేర్పుచుంటినని స్టెన్ బదులు చెప్పును. మెత్తనివాఁడవని యామె నవ్వును. రెండుమూఁడు వాక్యముల ముచ్చట! కాని పిల్లలను జంపిన చేతులే యా దారమును బట్టినవని యెఱిఁగిన శ్రోతకు నవ్వు సగములోనే యాగును. ఇదే సంగతిని స్టెన్ నాయకునకుఁ దానై చెప్పుకొనినచో నది యాత్మసమర్థన యయ్యెడిది. ఫలాపేక్షలేని యెగతాళిలో వెలువడుటచేత నది స్వభావోక్తియైనది.

ఇచట నొక పూర్వపక్షము గలదు. లెలియానాను విడిదియందు విడిచిన పాఠకుఁడు (ఆడువానిఁ బాఠకుఁడనుట తప్పు కాదు) ఈ మాటల నెన్నఁడును వినఁడు. విననంతమాత్రమునఁ గథ కొఱఁతపడదు. అట్టిదానిఁ గావ్యాంగ మెట్లనవచ్చును? ఆక్షేపము బలమైనదే. అయినను లోకమున మనుష్యుని గుణము తోడివారినిబట్టి బయటపడుచుండును. ఇందలి అలిస్టర్ మోరిగన్‌తోఁ గలిసినపుడు కయ్యమాడు కుఱ్ఱవాఁడు. వైన్ అను వృద్ధమాంత్రికురాలితోఁ గలిసినపుడు చిరిఁగిన చొక్కాను గుట్టిపెట్టుమని వేఁడుకొను మనుమఁడు. ఒక్కరి తోడిదే చూచినవాఁడు సగము అలిస్టర్‌నే యెఱుఁగును. ఎవరిని వెంటఁగొంటి, నెవరిని విడిచితి ననుదానికి ఫలముండుట యిందువలననే.

స్థలౌచిత్యము వేఱొక విషయము. ‘మాస్ ఎఫెక్ట్’ (2007)లో సిటడెల్ అను నంతరిక్షనగరపు లిఫ్టులు మిక్కిలి మందగమనములు. తరువాతి స్థలమును యంత్రము సిద్ధపఱచుకొను కాలమును గప్పిపుచ్చుట వాని పని. ఆ విరామమున నాయకుని వెంటనున్న యిద్దఱును మాటలు గలుపుదురు. పనిలేని మువ్వు రొక చిన్నగదిలో నిలిచినపుడు మాట పుట్టుట సహజము గదా. యంత్రపు లోపమే కవికి సందర్భమును సమకూర్చినది. ఆలస్యమును బలువురు నిందించిరి. 2010నాఁటి రెండవభాగమున లిఫ్టుల స్థానమున వేచియుండు తెరలు వచ్చినవి. లిఫ్టుముచ్చట్లును వానితోఁ బోయినవి.

2014నాఁటి ‘డ్రాగన్ ఏజ్: ఇంక్విజిషన్’లో భూములు విశాలములు, దారులు దీర్ఘములు. శత్రుజాతులకుఁ జెందిన ఐరన్ బుల్, డోరియన్ అను పురుషు లిరువురు, నాయకుఁడు వారిలో నెవరిని వరింపనిచో, ఎత్తిపొడుపులతో మొదలిడి తుదకుఁ బ్రణయమునఁ బడుదురు. నాయకునితో నీ సంగతి నెవ్వరును బనిగట్టుకొని విన్నవింపరు. అది ముఖ్యముగా నడకలో వినవచ్చిన తునుకలవలననే తెలియును. దారులు త్వరగా దాఁటుటకు గుఱ్ఱములు గలవు. గుఱ్ఱమెక్కినతోడనే సహచరులు కంటికిఁ గానరారు, సల్లాపమును నిలిచిపోవును. వినఁగోరువాఁడు గుఱ్ఱము దిగి నడవవలయును.