చెయ్యి ఎత్తితే చదివేస్తాయి

వీధికుక్కలకు అన్నం పెట్టే వాళ్లందరికీ ఇది అనుభవమే. గేటు గడియ తీసే తీరును బట్టే వాటికి తెలిసిపోతుంది, మనం వస్తున్నది అన్నం పెట్టడానికా, బండి తియ్యడానికా అని. మా వీధి ఎర్రకుక్క నా చేతిలో తాళాలు చూసిందంటే తోక కూడా కదపదు. గిన్నె పట్టుకొస్తే మాత్రం ముందు నా మొహం చూస్తుంది, తర్వాతే అన్నం.

కుక్క తెలివి అనగానే మనవాళ్లు షేక్‌హ్యాండ్ ఇచ్చే పెంపుడు కుక్కల కబుర్లే చెబుతారు. అమెరికాలో జాన్ పిల్లీ అనే రిటైర్డ్ సైకాలజీ ప్రొఫెసర్ తన బోర్డర్ కోలీ చేజర్‌కు 1022 బొమ్మల పేర్లు నేర్పారు. ఎన్నడూ వినని పేరు చెప్పినా, తెలిసిన బొమ్మలన్నీ వదిలేసి వాటి మధ్య ఉన్న కొత్తదాన్నే పట్టుకొచ్చేది. అబ్బురమే. కానీ దాని వెనుక ఏళ్ల తరబడి శిక్షణ ఉంది.

ఏ శిక్షణా లేని కుక్కల సంగతి? కోల్‌కతాలోని ఐసర్ పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం వీధుల్లోకే వెళ్లి 160 కుక్కలను పరీక్షించింది. 2020లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మూతపెట్టిన రెండు గిన్నెలు. ఒకదానిలో కోడిమాంసం ముక్క. వాసనతో పసిగట్టకుండా రెండోదానికీ మాంసం రుద్దారు. ముక్కూమొహం తెలియని మనిషి కాస్త ఎడంగా నిలబడి ఒక గిన్నె వైపు చెయ్యి చూపించాడు. ముందుకొచ్చిన కుక్కల్లో సుమారు 80 శాతం ఆ చేతినే నమ్మి వెళ్లాయి.

దాదాపు సగం కుక్కలు అసలు దగ్గరికే రాలేదు. నా మనసు వాటి మీదే ఉంది. మనుషుల చేతిలో పడ్డ దెబ్బలే వాటిని ఆపి ఉండొచ్చని పరిశోధకుల అభిప్రాయం. చెయ్యి లేస్తే రాయి వస్తుందని నేర్చుకున్న కుక్క అడుగు వెయ్యకపోతే, దానికి తెలివి లేదని ఎలా అంటాం? అదీ మన చేతిని చదివే ఆగింది.

అందుకే కొత్త కుక్క కనబడితే నేను చెయ్యి ఎత్తను, కళ్లలోకి చూడను. అన్నం కిందపెట్టి పక్కకు తిరిగి కూర్చుంటాను. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, గుర్తుగా చెవి కొస కత్తిరించి వదిలిన కుక్కలైతే మనిషిని చూస్తేనే జంకుతాయి. వాటికి ఇంకా ఎడంగా పెడతాను. వీధిలో కుక్కలంటే హడలిపోయే వాళ్లూ ఉన్నారు, వాళ్ల భయం ఉత్తిది కాదు. అందుకని ఎవరి గుమ్మం ముందూ పెట్టను. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దాటాక, రోజూ ఒకటే వేళకు పెడతాను. తినేటప్పుడు దగ్గరికి వెళ్లొద్దని పిల్లలకు చెప్పి ఉంచాను.