పాటలో నా వంతు

హోలీ అంటే రంగుల పండగని బళ్లో వ్యాసం రాయని పిల్లలుండరు. ఉత్తరాఖండ్‌లోని కుమావోన్ కొండల్లో మాత్రం అది పాటల పండగ. రంగు ఆ పాటకు చివరి పూట. అల్మోరాలో ఒక కుటుంబంతో కలిసి పండగ చేసుకున్నాక ఈ మాట గట్టిగా చెప్పగలుగుతున్నాను.

అక్కడ హోలీ మొదలయ్యేది ఎముకలు కొరికే చలిలో. పౌష మాసం మొదటి ఆదివారం నాడు తొలి పాట ఎత్తుకుంటారు. కొండవాళ్లది సౌరమానం కాబట్టి అది డిసెంబరు రెండో సగంలో పడుతుంది. ఆనాటి నుంచి వసంత పంచమి దాకా భక్తి, వైరాగ్యం నిండిన పాటలే పాడతారు. వాటిని నిర్వాణ హోలీలంటారు. పంచమి దాటాక పాటలోకి శృంగారం మెల్లగా అడుగుపెడుతుంది. శివరాత్రి కూడా వెళ్లిపోయాక రాధాకృష్ణుల అల్లరికి ఇక అడ్డుండదు. అంటే మనం ఒక్క పొద్దుటిపూటలో ముగించే పండగకు వాళ్లు రెండు నెలలకు పైగా గొంతు సవరించుకుంటారు. చలి తగ్గుతున్నకొద్దీ పాట వేడెక్కడం ఎంత అందమైన ఏర్పాటో!

అల్మోరా ఒక కొండ శిరసు మీద పరుచుకున్న పాత ఊరు. కాఠ్‌గోదాంలో రైలు దిగి, మలుపుల దారిలో పైకెక్కాలి. ఫాల్గుణంలో దారి పొడవునా బురాంశ్ చెట్లు ఎర్రగా పూసి ఉంటాయి. మేం దిగింది బజారుకు దగ్గర్లో, బడిపంతులుగా రిటైరైన ఒకాయన ఇంట్లో. అందరూ ఆయన్ని దాజ్యూ అంటారు, అంటే పెద్దన్న. ఆయన భార్య మాకు భౌజీ, తల్లి ఆమా. మేడమీద గది మాకు అద్దెకిచ్చారు కానీ, పండగ రోజుల్లో అద్దెకున్నవాళ్లు విడిగా తినడమేంటని భోజనం కిందే పెట్టేవారు.

ఆ ఇంట్లో ఒక రాత్రి బైఠకీ హోలీ, అంటే కూర్చుని పాడే హోలీ జరిగింది. ఇవాళ ఎవరు పాడతారని నేనడిగితే దాజ్యూ, "వచ్చినవాళ్లు" అన్నారు. చీకటి పడేసరికి గడప దగ్గర చెప్పులు గుట్టపడ్డాయి. జంపఖానా మీద తెల్లదుప్పటి, మధ్యలో హార్మోనియం, తబలా, మంజీరాలు. పళ్లేల్లో సోంపు, వక్కలు, పటికబెల్లం. వంటింట్లోంచి వేడివేడిగా ఆలూ కే గుట్కే వస్తూనే ఉన్నాయి. ఆవనూనెలో ఎండుమిరపకాయలతో వేయించిన బంగాళదుంప ముక్కలవి. పక్కన గంజాయి గింజల పచ్చడి. గింజల్లో మత్తుండదు, కమ్మదనమే ఉంటుంది.

ఆ రాత్రి పాడిన పద్ధతి గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఒకరు పాట ఎత్తుకుంటారు. ఆయనే చివరిదాకా పాడేసి చప్పట్లు అందుకోవడం ఉండదు. ఒక పంక్తి అయ్యేసరికి మూలనున్న ఇంకొకాయన అందుకుని, దాన్ని తన గొంతుకు తగ్గట్టు సాగదీసి, తిప్పి, మళ్లీ మధ్యలో పెడతాడు. గోడకానుకున్న మరొకాయన దాన్ని ఎత్తుకుంటాడు. దీన్ని భాగ్ లగానా అంటారు. అందుకున్నవాడు విద్వాంసుడు కావచ్చు, పొద్దున పాలు పోసి వెళ్లినతనూ కావచ్చు. చాంచర్ తాళంలో నింపాదిగా నడిచే పాట, తబలా నడక రెట్టించగానే గదంతా ఉరకలెత్తుతుంది. అంతలోనే మళ్లీ మొదటి నడకలోకి దిగి, ఎక్కడ మొదలైందో అక్కడికే చేరుతుంది. సాయంత్రం ధమార్‌తో మొదలుపెట్టి, కాఫీ, పీలూ, ఖమాజ్ రాగాలు దాటుకుంటూ, వేళకు తగ్గ రాగం ఎంచుకుంటూ, తెల్లారేసరికి భైరవిలోకి వస్తారు. రాగం పేరు చెప్పలేనివాళ్లకు కూడా ఏ వేళకు ఏ పాట కుదరదో బాగా తెలుసు. వాళ్లెవరూ గురువు దగ్గర పాఠం చెప్పుకున్నవాళ్లు కారు. చిన్నప్పుడు ఇలాగే రజాయిల కింద నిద్రపోతూ లేస్తూ విన్నారు. ఆ రాత్రీ ఇద్దరు పిల్లలు ఆమా ఒడికి అటూ ఇటూ పడుకుని ఉన్నారు.

ఆ పాటలు చాలావరకు కుమావోనీ భాషలో ఉండవు. అవి మథుర వైపు వాళ్ల వ్రజభాషలోవి. ఇంట్లో ఒక మాట, పాటలో ఇంకొకటి. తమిళదేశంలో త్యాగరాజ కీర్తన విని పొంగిపోయే తెలుగువాళ్లకు ఈ సంగతి నేను విప్పి చెప్పనక్కర్లేదు. పైగా, ఈ బైఠకీకి శాస్త్రీయమైన కట్టు తెచ్చినవాడిగా అల్మోరావాళ్లు రాంపూర్ నుంచి వచ్చిన ఉస్తాద్ అమానత్ హుసేన్ పేరును ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటారు. కృష్ణుడి హోలీ ఎలా పాడాలో ఒక ముస్లిం ఉస్తాద్ నేర్పగా కొండ ఊరు నేర్చుకుంది. ఇది నాకు ఆ రాగాలంత విలువైన విషయం. కొత్త పాటలూ ఆగలేదు. 1790లో పుట్టిన గుమానీ కవి మొదలుకొని, స్వాతంత్ర్యోద్యమాన్ని హోలీలోకి తెచ్చిన గౌర్దా, మన కాలపు గిర్దా దాకా కవులు హోలీలు కడుతూనే వచ్చారు.

భౌజీ నా పక్కన కూర్చుని పల్లవి చెవిలో చెప్పింది. కొన్నిసార్లు తిరిగి వచ్చాక నా గొంతూ అందులో కలిసింది. ఎవరూ తలతిప్పి చూడలేదు. అతిథి పాడిందని మెచ్చుకోలు నవ్వులూ లేవు. అలా చూడకపోవడమే నాకు దక్కిన గొప్ప మర్యాద. ప్రయాణాల్లో మన చేత రంగు పూయించుకుని, మనకు రంగు పూసి, ఫొటో దిగేవాళ్లు చాలామంది దొరుకుతారు. పాటలో వంతు ఇచ్చేవాళ్లు అరుదు.

రాత్రి బైఠకీ ఎక్కువగా మగవాళ్ల సభ. ఈమధ్య ఆడవాళ్లూ ముందు వరుసలో కూర్చుని పాడుతున్నారు, పాడాలి కూడా. కానీ ఆడవాళ్ల అసలు బలం చూడాలంటే పగలు వెళ్లాలి. మధ్యాహ్నం పనులయ్యాక ఒక్కో రోజు ఒక్కో ఇంటి వాకిట్లో చేరతారు. డోలక్ ఒకరి ఒళ్లో, మంజీరాలు ఒకరి చేతిలో. పాట మధ్యలో స్వాంగ్ మొదలవుతుంది. ఓ కోడలు మామగారి కోటు, టోపీ వేసుకుని, చేతికర్రతో దగ్గుతూ వస్తుంది. ఇంకొకావిడ పట్వారీ అయి అందరి మీదా కేకలేస్తుంది. ఏడాది పొడవునా నోరు మెదపకుండా మింగినవన్నీ ఆ వాకిట్లో బయటికొస్తాయి. ఎవరిని అనుకరిస్తున్నారో ఆ మామగారు లోపలి గదిలో ఉన్నారు, వింటున్నారు. ఆమా అయితే కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. తను కోడలిగా వచ్చిన కొత్తలో వేసిన వేషం గురించి భౌజీ చేత మాకు హిందీలో చెప్పించింది. రాగజ్ఞానం రాత్రి సభలో ఎక్కువ కావచ్చు. ధైర్యం మాత్రం ఈ వాకిట్లోనే ఎక్కువని నా అభిప్రాయం.

ఏకాదశి నాడు తెల్లబట్టల మీద తొలి రంగు చిలకరిస్తారు. ఊళ్లలో ఇంటింటి నుంచీ గుడ్డ పేలికలు తెచ్చి పొడవాటి కొయ్యకు కడతారు. దాన్ని చీర్ అంటారు. పక్క ఊరివాళ్లు ఎత్తుకుపోకుండా కాపలా కూడా ఉంటుంది. అక్కణ్నుంచి ఖడీ హోలీ, వలయంగా తిరుగుతూ నిలబడి పాడేది. పున్నమి రాత్రి ఆ చీర్ దహనం, మర్నాడు ఛరడీ, అంటే తడి రంగుల రోజు. ఆ రోజు గురించి రాయడానికి పెద్దగా ఏం లేదు. అందరం తడిశాం, వణికాం, గుజియాలు తిన్నాం. ఒకటి మాత్రం మరవలేను. పాటగాళ్ల గుంపు ఒక్కో వాకిట్లోనూ ఆగి ఆ ఇంటివాళ్లను పేరుపేరునా దీవిస్తూ పాడింది. లక్షల ఏళ్లు బతకమన్నారు, మళ్లీ ఫాల్గుణానికి ఇలాగే కలవమన్నారు. దాజ్యూ ఇంటి ముందు ఆ వరసలో మా పేర్లు కూడా వచ్చాయి.

మా కరీంనగర్ వైపు కూడా పాటే ముందు నడిచేది. కాముని పున్నానికి కొన్నాళ్ల ముందునుంచే పిల్లలు చేతుల్లో కోలలతో ఇల్లిల్లూ తిరిగి జాజిరి పాడేవాళ్లు. ఇంటివాళ్లు బియ్యమో, జొన్నలో, చిల్లరో పెట్టేవాళ్లు. తర్వాత కామదహనం, ఆ మర్నాడు మోదుగపూలు మరిగించిన రంగు. ఇప్పుడు నగరంలో మా అపార్ట్‌మెంట్‌కు హోలీ నాడు పొద్దున్నే పెద్ద స్పీకర్లు దిగుతాయి. పిల్లలు నీళ్లు చల్లుకుంటారు. వాళ్లకు పాడటానికి ఒక్క పంక్తి కూడా ఉండదు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది, ఎందుకంటే పాట తెలిసినవాళ్లు ఆ ఆవరణలోనే ఉన్నారు.

మా వాచ్‌మన్ వాళ్లమ్మకు జాజిరి పాటలు చాలా వచ్చు. ఈసారి పున్నానికి వారం ముందునుంచే పిల్లలకు నేర్పమని కొందరం వెళ్లి అడిగాం. కోలలు తనే చెక్కిస్తానంది. స్పీకరు పెడితే రానంది. లిఫ్టులో వద్దు, మెట్లెక్కి ప్రతి గుమ్మం ముందూ ఆగి పాడాలంది. ప్రతి ఇల్లూ దోసెడు గింజలు పెట్టాల్సిందేనని కూడా చెప్పింది. అన్నిటికీ ఒప్పుకున్నాం.