సాంబ్రెరో: ఒకే ధూళి, రెండు వెలుగులు

చిత్త, హస్త నక్షత్రాల నడుమ, కన్యారాశి దక్షిణపు అంచున, మనకు సుమారు 3 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో మెస్యే 104 గెలాక్సీ ఉంది. వెడల్పాటి అంచున్న మెక్సికో టోపీలా ఉంటుందని దానికి సాంబ్రెరో అని పేరు పెట్టారు. దూరపు గెలాక్సీని దృశ్యకాంతిలోనూ పరారుణ కాంతిలోనూ చూడడంలో ఎంత పనితనం ఉందో తెలుసుకోవడానికి దీన్ని మించిన ఉదాహరణ నాకు కనబడలేదు.

ముందుగా హబుల్ టెలిస్కోపు 2003లో తీసిన చిత్రం. ఆరు ఫొటోలను అతుకు తెలియకుండా కూర్చారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లతో విడివిడిగా తీసి కలిపినందువల్ల రంగులు కంటికి సహజంగా తోస్తాయి. నడుమ తెల్లగా వెలిగే ఉబ్బు, దానికి అడ్డంగా నల్లటి పట్టీ. గెలాక్సీ మన చూపుకు దాదాపు అంచువైపు నుంచే, ఆరు డిగ్రీల వాలుతో కనబడడం ఆ పట్టీకి కలిసొచ్చింది. విలియం హెర్షెల్ 1784లోనే టెలిస్కోపులోంచి దాన్ని కంటితో పసిగట్టాడంటే ఆ చూపుకు దండం పెట్టాలి.

ఆ నలుపు ఖాళీ కాదు, ధూళి. పొగలోని రేణువులంత సన్నని ఆ ధూళి దృశ్యకాంతిని కొంత చెదరగొడుతుంది, కొంత మింగేస్తుంది. పట్టీ అంచుల్ని నిదానంగా చూడండి. గీత గీసినట్టు ఉండదు. పోగులు పోగులుగా విడిపోయి ఉంటుంది. కళ్లు చెదిరే ఉబ్బునూ, చీకట్లోని ఆ పోగులనూ ఒకే చిత్రంలో నిలబెట్టారు. ఇందులో నేను అన్నిటికన్నా మెచ్చేది అదే.

మరి మింగిన కాంతి ఏమవుతుంది? ధూళి ఆ శక్తినే పరారుణ కాంతిగా తిరిగి విడుస్తుంది. అందుకే కేవలం 85 సెంటీమీటర్ల అద్దమున్న స్పిట్జర్ టెలిస్కోపు చిత్రం 2005లో విడుదలైనప్పుడు, నల్లటి పట్టీ ఉన్నచోటే వెలిగే ఉంగరం కనబడింది.

2024 నవంబరులో జేమ్స్ వెబ్ టెలిస్కోపు చిత్రం వచ్చింది. పరారుణంలో చూసే పరికరం తానే వెచ్చగా ఉంటే దాని వేడే చిత్రంలో పడుతుంది. అందుకని వెబ్‌లోని మిరి పరికరాన్ని మైనస్ 266 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిచి ఉంచుతారు. ఆ చలికి దక్కిన ఫలం చూడండి: హబుల్‌లో మెరిసిన ఉబ్బు దాదాపు మాయమైంది, లోపలి పళ్లెం నునుపుగా తేలింది, స్పిట్జర్‌కు నునుపుగా తోచిన వెలుపలి ఉంగరం గడ్డలు గడ్డలుగా విడిపోయింది. కొత్త నక్షత్రాలు పుట్టే తావులు ఆ గడ్డల్లోనే ఉన్నాయి. అయినా ఏడాదికి ఇక్కడ నక్షత్రాలుగా మారే పదార్థం ఒక్క సూర్యుడంత కూడా ఉండదు.

పరారుణ చిత్రాల్లోని రంగులు మనుషులు కేటాయించినవే: తక్కువ తరంగదైర్ఘ్యానికి నీలం, ఎక్కువదానికి ఎరుపు. వాటిని కల్పన అనడం అన్యాయం. కంటికి అందని కాంతిని, దాని వరుస తప్పకుండా, కంటికి అందే మెట్లమీదికి దించారు.

ఈ మూడు చిత్రాలనూ నాసా అందరికీ ఉచితంగా ఇస్తోంది. ఫోనులో చూసి సరిపెట్టుకోకండి. పెద్ద తెరమీద పక్కపక్కన పెట్టి, ఆ పట్టీని ఈ కొస నుంచి ఆ కొసదాకా పోల్చి చూడండి.