రంగమే బడి: కడప గడ్డ మీద పుట్టిన సురభి

కడప జిల్లాలో పులివెందుల వైపు, చక్రాయపేట మండలంలో సురభి అనే ఊరుంది. గండి ఆంజనేయస్వామి వెలసిందీ ఆ మండలంలోనే. శ్రావణ మాసంలో గండికి వేలమంది వెళ్తారు. తెలుగు నాటకరంగంలో నూట నలభై ఏళ్లుగా ఆడుతూనే ఉన్న ఒక కళాకుటుంబానికి పేరు పెట్టింది ఆ పక్క పల్లెటూరేనని వాళ్లలో కొద్దిమందికే తెలుసు. 1885లో వనారస గోవిందరావు, ఆయన కుటుంబంవాళ్లు ఆ ఊళ్లో ‘కీచకవధ’ ఆడారు. తర్వాత ఎన్ని ఊళ్లు తిరిగినా, ఎన్ని శాఖలుగా చీలినా, వాళ్ల ఇంటిపేర్ల ముందు సురభి నిలిచిపోయింది.

అంతకుముందు వాళ్లది తోలుబొమ్మలాట. ఇంట్లో ఆరె మరాఠీ మాట్లాడతారు, తెర ముందుకొస్తే తెలుగు పద్యం పాడతారు. తోలుబొమ్మలాటలో ఒకే మనిషి బొమ్మ ఆడించాలి, గొంతు మార్చి మాట్లాడాలి, పద్యం ఎత్తుకోవాలి, కాలి కింద చెక్కను తొక్కి యుద్ధపు చప్పుడు పుట్టించాలి. మేకతోలును గీకి పలచన చేయడం, రంగులద్దడం, కీళ్ల దగ్గర కుట్టడం కూడా ఆ ఇంటి పనే. దీపం ఎంత దూరంలో పెడితే నీడ ఎంత పెరుగుతుందో పిల్లలకు చిన్ననాడే తెలిసిపోయేది. సురభి నాటకంలో ఈ నేర్పులన్నీ ఉన్నాయి. తెర వెనకున్న మనుషులు తెర ముందుకొచ్చారు, అంతే.

ఆడవాళ్ల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. స్థానం నరసింహారావు వంటి మహానటులు స్త్రీ పాత్రలతో ఆంధ్రదేశాన్ని మురిపించిన రోజులవి. మంచి ఇంటి ఆడది రంగమెక్కడం తప్పన్న కాలం. సురభిలో మాత్రం ద్రౌపదిని ఆడదే ఆడింది, సత్యభామను ఆడదే ఆడింది. దీన్ని సంస్కరణ అనుకునేవారున్నారు. నాకు తోచేది వేరు. తోలుబొమ్మల తెర వెనక సీత గొంతు, మండోదరి గొంతు ఎప్పుడూ ఇంటి ఆడవాళ్లదే. భర్త పక్కన కూర్చుని పాడిన ఇల్లాలు లేచి నిలబడి ఆడింది. అందుకే వాళ్లకు అది సాహసంగా అనిపించి ఉండదు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చినప్పుడు, లీలావతి పాత్రకు సురభి కమలాబాయి సిద్ధంగా దొరికింది. ఆ సినిమాకు ఆధారం కూడా సురభివారు ఊరూరా ఆడిన నాటకమే.

సురభి అనగానే జనం ముందుగా తలుచుకునేది మాయలనే. మబ్బుల్లోంచి నారదుడు దిగుతాడు. ఘటోత్కచుడు గాల్లో తేలుతాడు. రెండు వైపుల నుంచి బాణాలు దూసుకొచ్చి నడిమధ్యలో ఢీకొని నిప్పులు కక్కుతాయి. ఇవన్నీ తాళ్లు, కప్పీలు, సన్నని తీగలు, వెలుతురు, పొగ, మనుషుల చేతులు. రంగం పక్కన తాడు పట్టుకున్నవాడు పద్యం వింటూ లాగాలి. పద్యంలో చివరి పాదం ఎప్పుడు ముగుస్తుందో, నటుడు రాగం ఎంతసేపు సాగదీస్తాడో వాడికి ఒంటబట్టి ఉండాలి. ఒక్క క్షణం ముందు లాగితే దేవుడు దిగాల్సిన చోట మనిషి వేలాడుతాడు. తాడు లాగేవాడు అంతకుముందు సీనులో మంత్రి, తర్వాతి సీనులో మునీశ్వరుడు. అందుకే వాడికి ఆ క్షణం తెలుసు.

తెరల పద్ధతి ఇంకా గొప్పది. దర్బారు, అడవి, వీధి, అంతఃపురం, అన్నీ గుడ్డ మీద రంగులతో గీసి, పైకి చుట్టుకునేలా కట్టినవి. ముందు భాగంలో వీధి తెర దించి ఇద్దరు సేవకుల హాస్యమో, నారదుడి దారి నడకో ఆడుతుంటే, దాని వెనక నిశ్శబ్దంగా కొలువు సింహాసనం సర్దేస్తారు. హాస్యం ముగిసేసరికి తెర లేస్తుంది, సభ సిద్ధం. చూసేవాడికి ఒక్క నిమిషం ఖాళీ దొరకదు. రాసిన నాటకం నడకను కూడా ఈ తెరలే తీర్చిదిద్దాయి. పెద్ద సీను తర్వాత చిన్న సీను, గంభీరం తర్వాత నవ్వు. పార్శీ నాటక సమాజాల నుంచి దేశమంతా పాకిన ఈ అలవాటును సురభివారు పట్టుకుని, తమ ఇంటి విద్యగా చేసుకున్నారు.

సురభి పుట్టిన దాదాపు అదే కాలంలో బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభ పెట్టి నాటకాన్ని చదువుకున్నవారి దగ్గరకు తీసుకెళ్లారు. వకీళ్లు, ఉద్యోగులు పగలు పని చేసి రాత్రి ఆడేవారు. సురభిది పూర్తిగా వేరే బతుకు. వాళ్లకు నాటకమే కూడు. ఊరి బయట పందిరి వేసి, టికెట్టు పెట్టి, జనం వచ్చినన్నాళ్లు ఆడి, సామాను బండ్లకెత్తి ఇంకో ఊరికి. తాత, అమ్మమ్మ, కోడళ్లు, చంటిపిల్లలు అందరూ సమాజమే. నడక వచ్చిన పిల్లవాడు బాలకృష్ణుడు. కాస్త ఎదిగితే లోహితాస్యుడు, ప్రహ్లాదుడు. తర్వాత లవకుశుల్లో ఒకడు. మీసం వస్తే అభిమన్యుడు, గొంతు ముదిరితే కృష్ణుడు, ఒళ్లు బరువెక్కితే ఘటోత్కచుడు, పళ్లు ఊడితే వశిష్ఠుడు. ఒకే ‘మాయాబజారు’ను ఒక మనిషి జీవితమంతా వేర్వేరు వయసుల నుంచి చూస్తాడు. ఎవరైనా జ్వరంతో పడుకుంటే ఆ పాత్రకు ముగ్గురు సిద్ధంగా ఉంటారు. ఏ నాటక కళాశాలా ఇంతకాలం ఇంత పాఠం చెప్పలేదు.

ఈ విద్యను కాపాడింది చూసే జనం కూడా. కుందూ, పెన్నా నదుల ఒడ్డున రాజుపాళెం, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పల్లెల్లో చెక్కభజన, కోలాటం కొత్త సంగతులు కావు. రామాలయం ముందు చెక్కలు పట్టి, గజ్జెలు కట్టి, గురువు పిలుపుకు అడుగు మార్చిన రైతుకు తాళం అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. అలాంటి సీమ జనం మధ్యకే సురభి నాటకం వచ్చింది. పద్యం బాగుంటే ‘వన్స్ మోర్’ అని కేక పడుతుంది. చచ్చిపడిన కీచకుడు కూడా లేచి మళ్లీ పాడాల్సిందే. బాగోకపోతే అదీ చెబుతారు. రాగాలాపనను ఎక్కడ ఆపాలో నటుడికి నేర్పింది ఈ పల్లె చెవే. బ్రహ్మంగారి చరిత్ర ఆడితే జిల్లా జనం మరీ పట్టించుకుంటారు. కందిమల్లాయపల్లె మఠం ఇక్కడిదే కదా, కథలో ఏ మాట జారినా ఊరుకోరు.

సినిమా వచ్చింది, తర్వాత టీవీ వచ్చింది. పదుల సంఖ్యలో ఉన్న సమాజాలు వేళ్ల మీద లెక్కించేటన్నిగా తగ్గాయి. గోవిందరావు సంతతిలో చాలామంది హైదరాబాదు లింగంపల్లిలోని సురభి కాలనీకి చేరారు. 1937లో మొదలైన సురభి సమాజం శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి పబ్లిక్ గార్డెన్స్‌లోని లలితకళాతోరణంలో చాలాకాలం ఆడింది. నాటక దర్శకుడు బి.వి. కారంత్ 1990 దశకంలో వాళ్లతో కలిసి పనిచేసి ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ చేయించారు. మాయలు లేని చోట కూడా ఈ నటులు నిలబడగలరని ఆ నాటకాలు చూపించాయి. మండలిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావుకు, అందరూ బాబ్జీ అని పిలుచుకునే ఆయనకు, 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన వెళ్లిపోయారు.

నగరంలో సురభికి గౌరవం దొరికింది, టికెట్టు కొనే పల్లె మాత్రం దూరమైంది. నా బాధ అదే. హైదరాబాదులో మాయాబజారు చూసినవాళ్లు ఘటోత్కచుడు ఎగిరినప్పుడు చప్పట్లు కొడతారు. పద్యం దగ్గర ఎవరూ వన్స్ మోర్ అనరు. అనేవాళ్లు ఇంకా మన జిల్లాలో ఉన్నారు, భజన మందిరాల దగ్గర, తిరునాళ్లలో. ప్రొద్దుటూరు దసరాకు ఎంతో ఖర్చు పెడుతుంది. అందులో మూడు రాత్రులు సురభికి ఇవ్వొచ్చు. చక్రాయపేట మండలంలోని ఆ ఊళ్లో, గండి శ్రావణ ఉత్సవాల రోజుల్లో, ‘కీచకవధ’ను మళ్లీ ఒకసారి పందిరి వేసి ఆడించొచ్చు. తెర గీసేవాళ్లు, తాడు లాగేవాళ్లు, హార్మోనియం మీద శ్రుతి పట్టేవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. జిల్లా పిల్లల్ని పదిమందిని వాళ్ల దగ్గర కూర్చోబెట్టి ఆ పనులు నేర్పించడానికి ఇంకా ఆలస్యం కాలేదు.